రాజు పెదవులు కదులుతున్నాయి

సోమవారం, ఫిబ్రవరి 6

గొంతు బొంగురుపోయింది. శనివారం బంటామాలో నిశ్చితార్థం, మగపిల్లాడి వైపు మాట్లాడే ఒచ్యామిని నేను. ఆడపిల్ల వైపు ఒచ్యామిగా వచ్చినావిడ నోరు సామాన్యమైంది కాదు. అసలు పిల్లను చూపించకుండా ముసుగేసి దొంగ పెళ్ళికూతుళ్ళను ఒకరి తర్వాత ఒకరిని పంపింది. మొదటామెను చూసి, ఈవిడ మా తాతకి సరిపోతుంది, ఆయన ఇప్పటికే ఇద్దరితో అవస్థ పడుతున్నాడు అన్నాను. పందిరంతా గొల్లున నవ్వింది. అయితే అసలు పిల్ల పరాయి దేశంలో ఉంది, విమానం ఖర్చులివ్వండి అందావిడ. ఇలా మధ్యాహ్నం దాకా సాగింది. పూర్వం ఒచ్యామి అంటే రాజు గొణిగిన మాటను పదిమందికీ వినసొంపుగా చెప్పే నోరు. ఇప్పుడు రాజులు తక్కువ, పెళ్ళిళ్ళు ఎక్కువ. కర్ర పట్టుకుని నిలబడ్డ కాళ్ళు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకలాగే పీకుతాయి.

అంతమందిని నవ్వించి ఇంటికొస్తే నాకు నవ్వే ఓపిక ఉండటం లేదు. ఈమధ్య మరీను.

అయినా నిన్న కొత్త వీడియో పెట్టాను. తమ్ముడు చేసిన కంప్యూటర్ ఆట ‘మౌన కొలువు’ క్రిస్మస్ ముందు బయటికొచ్చిన దగ్గర్నుంచి నాకిది రెండో ఉద్యోగమైపోయింది. ఏళ్ళ తరబడి వాడూ, వాడి స్నేహితుడు టుటూ కలిసి చేశారు. కథ మా తమ్ముడు బెడియాకోది, బొమ్మలు టుటువి. అందులో ఒచ్యామికి గొంతు నాదే. ఆడినవాళ్ళందరికీ నచ్చింది, ఒక్కరికీ అర్థం కాలేదు. మా తమ్ముడు కథని ఎక్కడా తిన్నగా చెప్పి చావలేదు. దొరికిన వస్తువు పక్కన రెండు ముక్కలు, ఓ గోడ మీద గీత, ఓ ముసలమ్మ నిట్టూర్పు, అంతే. ఏరుకుని కుట్టుకోవాలి. వీడియోల్లో ఆ కుట్టుపని నాది.

చేసినాయనే వచ్చి చెప్పొచ్చుగా అని ఎవరో రాశారు. వాడికి నత్తి నాయనా. చిన్నప్పుడు కొట్లో రొట్టె కావాలన్నా నేనే అడిగేదాన్ని. వాడింకా మొదటి అక్షరం దగ్గర ఉండగానే నేను రొట్టె చంకన పెట్టుకుని వీధి దాటేసేదాన్ని. అమ్మ పోయాక వాడికి నోరంటే నేనే. వాడి మనసులో ఏముందో వాడికన్నా ముందు నాకే తెలుస్తుంది.


గురువారం, ఫిబ్రవరి 9

కరెంటు లేదు. వచ్చే వీడియోలో చెప్పాల్సింది ఇక్కడే వరస పెట్టుకుంటాను. లేకపోతే మర్చిపోతాను.

ఆట మొదలయ్యేసరికే అబెరేవా నది ఎండిపోయి ఉంటుంది. ఆడేవాళ్ళు నడిపేది దీపం పట్టుకున్న ఒక వార్తాహరి పిల్లని. ఎండిన నది వెంట ఊరూరా ఎగువకి వెళ్ళాలి, చివరికి రాజు కొలువు చేరాలి. దారిలో ఒక్కో ఊళ్ళో ఒక్కో మాట పోయింది. మొదటి ఊళ్ళో జాలర్లకి ‘వల’ అనే మాట లేదు. వల చేతిలోనే ఉంది. దాని పేరు పోయేసరికి దానితో ఏం చేయాలో కూడా పోయింది, ఒడ్డున ఊరికే కూర్చుంటారు. ఆ పై ఊళ్ళో తల్లులకి పిల్లల పేర్లు గుర్తులేవు. మాటల్ని మింగేవి మాటతిండి దయ్యాలు. ఒంట్లో నోరు తప్ప ఇంకేమీ లేనట్టుంటాయి, ఆ నోరు తెరిచి ఒకే మూలుగు మళ్ళీ మళ్ళీ మూలుగుతాయి. దీపంతో కాలిస్తే ఒక వస్తువు రాలుతుంది. అది ఎప్పుడూ సగమే. సగం దువ్వెన, సగం గంట, సగం రోకలి.

ఇక కొలువు. గొడుగు కింద రాజు, ముఖానికి అడ్డంగా పూసల తెర. పక్కన కర్ర పట్టుకుని ఒచ్యామి. ‘అడుగు’ అని ఒక గుర్తు వెలుగుతూ ఉంటుంది. అది నొక్కితే ఒచ్యామి జవాబు చెబుతుంది. రాజు నోరు విప్పడు. ఒచ్యామి చెప్పినట్టల్లా చేస్తే నది కొంచెం పారి, మళ్ళీ ఎండిపోయి, ఆట అయిపోతుంది. అందరూ మా తమ్ముణ్ణి తిట్టుకునేది ఇక్కడే.

పరాయి దేశాలవాళ్ళు ఒచ్యామే దొంగ అంటారు. రాజు నోరు కట్టేసి తనే ఏలుతోందట. వాళ్ళకేం తెలుసు? మనవాళ్ళెవరైనా చూడగానే పట్టేస్తారు. రాజు ఎప్పుడో పోయాడు. మన దగ్గర రాజు పోతే పోయాడని ఎవరంటారు? తర్వాతివాడెవరో పెద్దలు తేల్చుకునేదాకా గుట్టుగా ఉంచుతారు. లోపలికి భోజనం వెళ్తుంది, బయటికి వస్తుంది, ఊరు మామూలుగా నడుస్తుంది. ఆటలోనూ రాజు పళ్ళెం ముట్టనట్టే తిరిగొస్తుంది. పెద్ద డప్పు మోగదు. ఆ సగం సగం వస్తువులు పోయినవాడి సామాను, విరగ్గొట్టి వెంట పంపినవి. దయ్యాలు సాగనంపని ఆత్మ తాలూకు నీడలు. మరి ఒచ్యామి? దొంగ కాదు, మహాతల్లి. ఖాళీ పీటకి తన గొంతు అరువిచ్చి రాజ్యాన్ని నిలబెడుతోంది. అదెంత చాకిరీయో ఒక్కరికీ పట్టదు. ఇది రాస్తుంటే నాకే కళ్ళు చెమ్మగిల్లాయి.

సాయంత్రం బెడియాకోకి చదివి వినిపించాను. ఏదో అనబోయాడు. చివర్లో ఇంకాస్త ఏడుపు పెట్టాలి, అదే కదా అన్నాను. తల దించుకున్నాడు. ఒప్పుకున్నట్టే.


శనివారం, ఫిబ్రవరి 11

పొద్దున ఒక పెళ్ళి, సాయంత్రం ఒక పెళ్ళి. నోరు తెరవలేను, రాయలేను.


ఆదివారం, ఫిబ్రవరి 12

జిఫా భోజనానికి వచ్చింది. మంచి పిల్లే. నర్సు పని చేస్తుంది, ఒళ్ళు వంచుతుంది, వాళ్ళ ఎవే భాష యాసలో మన భాష మాట్లాడితే ముచ్చటగా ఉంటుంది. తమ్ముడు చేసుకుంటానంటే నేనే ముందు సరేనన్నాను. కానీ ఒక పాడలవాటుంది ఆ పిల్లకి. వాణ్ణి ఏదైనా అడిగి, ముద్ద చేతిలో పట్టుకుని అలా ముఖంలోకి చూస్తూ కూర్చుంటుంది. వాడు ఎర్రబడతాడు, మెడ నరాలు లేస్తాయి. ఎదురుగా బంకూ ముద్ద చల్లారిపోతుంది. బెండకాయ పులుసు మీద నూనె తేలి గడ్డకడుతుంది. ఈవిడకేమీ పట్టదు. చూస్తుంది. అంత హింస ఎందుకు పెట్టడం వాణ్ణి?

టుటు చేసిన కొత్త బొమ్మల గురించి ఏదో అడిగింది. వాడు తంటాలు పడుతున్నాడు. చూడలేక నేనే చెప్పేశాను, టుటు బొమ్మలు బాగున్నాయి, రంగులు కాస్త తగ్గించాలి అని. జిఫా నా వైపు తిరిగి మెల్లగా అంది.

“అక్కా, మిమ్మల్ని కాదండీ అడిగింది.”

నవ్వుతూనే అంది. నేనూ నవ్వేశాను. గిన్నెలు కడుగుతుంటే తెలిసింది, ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. చిన్నపిల్ల, తెలియక అంటుంది. కొన్నాళ్ళు కాపురం చేస్తే తనే అలవాటు పడుతుంది.


బుధవారం, ఫిబ్రవరి 15

వీడియో బాగా పోతోంది. రాజు చనిపోయాడన్న మాట అందరికీ నచ్చింది. మన ఊళ్ళవాళ్ళు గర్వపడుతున్నారు, మాకు ముందే తెలుసు అంటున్నారు. కోటోనూ నుంచి ఒకడు మాత్రం పుల్ల పెట్టాడు. కొలువు దృశ్యాన్ని పెద్దది చేసి చూశాడట. “అమ్మా, పూసల తెర వెనక రాజు పెదవులు కదులుతున్నాయి. చచ్చినవాడి పెదవులు ఎందుకు కదులుతాయి?” అని రాశాడు.

బొమ్మ గీయడంలో పొరపాటయి ఉంటుంది, సరిచేయిస్తాం అని జవాబిచ్చాను. ఎందుకైనా మంచిదని టుటుకి ఫోన్ చేశాను. వాడికి ఎక్కడలేని కోపం వచ్చింది. పొరపాటా, ఆ పెదవులు గీయడానికి ఒక వానాకాలమంతా పట్టింది నాకు, మీ తమ్ముడు అద్దం ముందు నిలబడి చూపిస్తే చూసి గీశాను అన్నాడు. మరెందుకలా పెట్టార్రా అంటే, నన్నడగకు, వాణ్ణడుగు, అడిగి కాసేపు నోరు మూసుకో అన్నాడు. వీడికి కూడా పొగరెక్కింది.

బెడియాకోని అడిగాను. వాడు చెప్పడం మొదలుపెట్టగానే నాకు తట్టింది. గాలికి! కొలువులో గాలి వీస్తూ ఉంటుంది, పూసలు కదిలితే పెదవులు కదిలినట్టుంటాయి. అంతే కదా అన్నాను. వాడు వెళ్ళి పడుకున్నాడు. ఈమధ్య మరీ అలిసిపోతున్నాడు. ఇద్దరం అలిసిపోతున్నాం.


శుక్రవారం, ఫిబ్రవరి 17

తలుపు తట్టే వేడుకకి రోజు కుదిరింది. మార్చి పదకొండు, అసోక్వాలో జిఫా వాళ్ళింట్లో. పిల్లనడగడానికి వెళ్ళడమంటే ఉత్తినే వెళ్ళడం కాదు. వాళ్ళ వైపు ఎన్యోనాం మాట్లాడుతుందట. ఆవిడతో ఇదివరకు తలపడ్డాను, గట్టి మనిషి. పోనీలే, ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ తమ్ముళ్ళ కోసం మాట్లాడాను, ఇప్పుడు నా తమ్ముడి కోసం.

అందరూ చెప్పే ‘దారిన పోతుంటే మీ తోటలో ఒక పువ్వు కనిపించింది’ నేను చెప్పను. విని విని చెవులు కాయలు కాశాయి. ఆ పువ్వుని ఈ ఊళ్ళో ఇప్పటికి ఎందరు చూశారో. మావాడు పువ్వుల్ని చూసే రకం కాదు, ఆసుపత్రిలో సూది వేయించుకోవడానికి వచ్చి, సూది వేసిన చేతినే అడుగుతున్నాడు అంటాను. అక్కడ నవ్వుతారు. అప్పుడు గొంతు తగ్గించి అమ్మ సంగతి ఎత్తుతాను. అక్కడ ఏడుస్తారు. స్నానం చేస్తూ చెప్పుకున్నాను, వంట చేస్తూ చెప్పుకున్నాను. చాలా కాలం తర్వాత ఒక పని మీద నాకు ఉత్సాహం వచ్చింది.


ఆదివారం, ఫిబ్రవరి 19

ఆసియెడు మామయ్య వచ్చాడు. అమ్మకి అన్న, మా ఇంటికి పెద్ద. కూర్చోగానే మంచినీళ్ళు కూడా తాగకుండా మొదలుపెట్టాడు.

“డూఫియే, తలుపు తట్టే రోజు నువ్వు మాట్లాడటం లేదు.”

ఇంకెవరినైనా మాట్లాడారా, నాకన్నా ఎక్కువ తెలిసినవాళ్ళెవరు మామయ్యా అన్నాను.

“వాడే మాట్లాడుకుంటాడట.”

నవ్వాను. మామయ్య నవ్వలేదు. పొద్దున్నే బెడియాకో ఆయనింటికెళ్ళి చెప్పాడట. చెప్పేలోపు ముందున్న గంజి చల్లారిపోయింది, రెండోసారి వెచ్చబెట్టారు, అదీ చల్లారింది. అయినా మొత్తం చెప్పాడు, నేను మొత్తం విన్నాను అన్నాడు.

“మామయ్యా, అక్కడ వాళ్ళ చుట్టాలంతా ఉంటారు. నవ్వుతారు వాణ్ణి చూసి. నీకు సరదాగా ఉందా?”

“నవ్వితే నవ్వుతారు. పెళ్ళి వాడిది, నోరూ వాడిదే.”

రాయాలని లేదు ఇంక.


సోమవారం, ఫిబ్రవరి 20

ఇది జిఫా నేర్పిన విద్యే. ఇంకెవరు నేర్పుతారు?

నిన్న వాడు ఇంటికి రాగానే అడిగేశాను. అడిగానంటే మామూలుగా కాదు. నేనేం తక్కువ చేశాను, ఊరంతా నన్ను బతిమాలి పిలుచుకుంటుంటే నువ్వు వద్దనడమేంటి, పెళ్ళివాళ్ళు నా గురించి ఏమనుకుంటారు, పుట్టినప్పటి నుంచి నీ తరఫున మాట్లాడి మాట్లాడి నా గొంతు అరిగిపోయింది, ఇప్పుడు కొత్త మనిషి వచ్చేసరికి నేను పాతబడ్డానా. వాడు గుమ్మంలో నిలబడే ఉన్నాడు. చేతిలో సంచీ కూడా దించలేదు. ఒక్క మాట అనలేదు. చెప్పడానికి ఏమైనా ఉంటే చెప్పేవాడు కదా. లేదు కాబట్టే చెప్పలేదు.

చివరికి ‘రాజు మరణం, తుది రుజువు’ అని ఒక వీడియో చేసి ఈ ఆట పని ముగించేస్తాను. ఇక నాకు ఓపిక లేదు.


మంగళవారం, ఫిబ్రవరి 21

మాట్లాడటం లేదు. వాడు.


గురువారం, ఫిబ్రవరి 23

వాడి గదిలో లైటు వెలుగుతూనే ఉంది. మొక్కజొన్న కెంకే, చేప మూత పెట్టి గుమ్మంలో పెట్టాను. గిన్నె ఖాళీ చేశాడు. మాట మాత్రం లేదు.


శనివారం, ఫిబ్రవరి 25

ఇవాళ పెళ్ళి మధ్యలో గొంతు పోయింది. బొంగురుపోవడం కాదు, పోవడమే. ‘మా అబ్బాయి గుణం గురించి చెప్పాలంటే’ అన్నాను, ఆ తర్వాత నోరు తెరిస్తే గాలి వచ్చింది. అంతా నేను వేషం వేస్తున్నాననుకుని నవ్వారు. ఎంత సైగ చేసినా నవ్వుతున్నారు. చెప్పాల్సింది నోటి నిండా ఉంది, ఒక్క ముక్క బయటికి రాదు, ఎదురుగా అన్నీ నవ్వే పళ్ళు. ఆఖరికి పెళ్ళికొడుకు పిన్ని ఎవరో కర్ర లాక్కుని నేను చెప్పాలనుకోనిది ఏదో చెప్పేసింది. అబ్బాయి తాగడు అంది. నేను చెప్పబోయింది అది కానే కాదు.

డాక్టరు లోపల వాచిపోయిందన్నాడు. గుసగుసగా కూడా మాట్లాడకూడదట.


సోమవారం, ఫిబ్రవరి 27

ఇల్లు ఇంత పెద్దదని తెలియదు. కొళాయి చుక్కలు వినిపిస్తున్నాయి.

పొద్దున బెడియాకో అల్లం నీళ్ళు కాచి తెచ్చాడు. మంచం పక్కన నిలబడి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. సగంలో ఆగి నా వైపు చూశాడు, అలవాటు ప్రకారం. మిగతాది నేను అందుకోవాలి. నా దగ్గర గొంతు లేదు. వాడు కొనసాగిస్తాడేమోనని కూడా నాకు తోచలేదు. గ్లాసు పెట్టి వెళ్ళిపోయాడు. ఏం చెప్పబోయాడో మధ్యాహ్నం దాకా ఊహించాను. ఒక్కటీ కుదరలేదు.


బుధవారం, మార్చి 1

ఇది వెంటనే రాసుకోవాలి.

మధ్యాహ్నం, ఆ తుది రుజువు వీడియోకి బొమ్మలు పట్టుకుందామని ఆట తెరిచాను. గొంతు లేకపోతే అక్షరాలు వేద్దామనుకున్నాను. కొలువు దాకా వెళ్ళాను. రాజు, గొడుగు, పూసల తెర. ‘అడుగు’ అన్న గుర్తు వెలుగుతూ ఆరుతూ ఉంది. నొక్కబోతుంటే వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. అలసందలు. అన్నీ అక్కడే పడేసి పరిగెత్తాను. అడుగు అంటుకుపోయింది. పైది ఇంకో గిన్నెలోకి తీసి, కిందది గీకుతూ కూర్చున్నాను. తొందరపడి ఎవరికేం చెప్పాలి గనక.

గదిలోంచి బెడియాకో గొంతు వినిపించింది. వాడు సుయామేలో టుటు దగ్గరున్నాడు, ఇంట్లో లేడు. గరిటె పట్టుకునే వెళ్ళాను. గదిలో ఎవరూ లేరు. తెర మీద పూసలు పక్కకి తొలిగి ఉన్నాయి. రాజు మాట్లాడుతున్నాడు, మా తమ్ముడి గొంతుతో, మా తమ్ముడి నత్తితో.

“నా... నా... నా ఒ... ఒచ్యామి...”

ఒచ్యామి నన్ను మోసం చేసింది అంటాడనుకున్నాను. పెదవులు ఇంకా కదులుతున్నాయి. నా నోరు నొక్కేసింది అంటాడనుకున్నాను. కాదు. వెళ్ళగొట్టండి అంటాడనుకున్నాను. అంత సేపట్లో ఎన్ని పూర్తిచేశానో, ఒక్కటీ కాదు.

“...అలి... అలిసిపోయింది. ఆమెకి... పీ... పీట వెయ్యండి.”

ఎవరో పీట తెచ్చారు. ఒచ్యామి కర్ర గోడకి ఆనించి కూర్చుంది. ఆట మొత్తంలో ఆవిడ కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎవరూ చూడలేదు.

తర్వాత మాటతిండి దయ్యాలన్నీ కొలువులోకి వచ్చాయి. నేను కంగారుపడ్డాను. అవి రాజుని ఏమీ చేయలేదు, ముందు కూర్చుని నోళ్ళు తెరిచాయి. అవి మూలుగులు కావు. ఒక్కొక్కదాని నోట్లో ఒక మాట మొదలు ఉంది. దువ్... దువ్... అని ఒకటి. గం... అని ఒకటి. కొలువులో రాజు అనబోయి, ఎవరో అందుకునేసరికి సగంలో తెగిపోయిన మాటలు అవి. తెగిన సగాలు బయటపడి, ఆకలేసి, ఊళ్ళ మీద పడి మాటలు తింటున్నాయి. రాజు ఒక్కోదాన్నీ చివరిదాకా అన్నాడు. దువ్వెన. గంట. రోకలి. వల. అన్నకొద్దీ ఒక్కో దయ్యం మొత్తం వస్తువైపోయి నేల మీద పడింది. నది వచ్చింది. ఈసారి ఎండిపోలేదు.

రాజు చావలేదు. రాజుకి నత్తి. అంతే కథ. ఏదీ నొక్కకుండా ఆగితే ఆయనే చెబుతాడు. అన్ని దేశాలవాళ్ళు ఆడారు, ఆగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆగకుండా నొక్కితే పలికేది నా గొంతు.

మొదట కోపమొచ్చింది. నాకు నేరుగా చెప్పొచ్చు కదా అని. గరిటె పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుంటే అప్పుడు తెలిసింది. ఎప్పుడు చెబుతాడు? ఏ సందులో చెబుతాడు? నేను ఎక్కడ సందిచ్చాను? ఒక ఆట చేసి, రాజ్యం కట్టి, నది పారించి, దాని చివర తలుపు వెనక పెట్టుకోవాల్సి వచ్చింది వాడికి, అక్కతో ఒక మాట చెప్పడానికి. ఆ మాట కూడా తిట్టు కాదు. తిట్టి ఉంటే బాగుండేది. గొంతు లేకుండా ఏడిస్తే ఎంత నొప్పో ఇవాళ చూశాను.


గురువారం, మార్చి 2

నిన్న సాయంత్రం వాడు వచ్చేసరికి తెర మీద నది పారుతూనే ఉంది. తెర చూశాడు. నన్ను చూశాడు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కూర్చుని, మొదలుపెట్టాడు.

చీకటి పడేదాకా చెప్పాడు. ఏం చెప్పాడో ఇక్కడ రాయను. రాస్తే నా మాటల్లోకి మారిపోతుంది.

పొద్దున వీడియోలన్నిటి కింద ఒకటే పెట్టాను. ‘నేను చెప్పింది తప్పు. కొలువులో ఏదీ నొక్కకండి.’


మంగళవారం, మార్చి 7

గొంతు కొంచెం కొంచెం వస్తోంది. వాడుకోవడం లేదు. కోటోనూ ఆయన రాశాడు, “విన్నానమ్మా” అని. ఆ ఒక్క మాటే రాశాడు. చాలామంది మాత్రం ఆట ఆగిపోయింది, పాడైంది అని తిడుతున్నారు. టుటు నవ్వుతున్నాడు.


శుక్రవారం, మార్చి 10

రేపే. నాకు భయంగా ఉంది. పందిళ్ళ నిండా జనం ముందు నిలబడ్డప్పుడు ఎప్పుడూ లేని భయం. వాళ్ళు నవ్వితే నేను ఏం చేస్తానో నాకే తెలియదు. జిఫాకి ఫోన్ చేసి, రేపు మీవాళ్ళకి ముందే చెప్పి ఉంచమ్మా అన్నాను. చెప్పాను అక్కా, మీరేం దిగులు పడకండి అంది. ఆ పిల్ల మీద ఇక్కడ రాసిన వాటికి సిగ్గేస్తోంది. కొట్టేయబోయి మానేశాను, ఉండనీ.


శనివారం, మార్చి 11

వెళ్ళొచ్చాం.

పిల్లనడిగేటప్పుడు ఇచ్చే మందు సీసాలు మామయ్య పట్టుకున్నాడు. మేం నలుగురమే, మామయ్య, నేను, టుటు, వాడు. వాళ్ళ వైపు గది నిండా చుట్టాలు. ఎన్యోనాం నన్ను చూసి కొంగు సర్దుకుని, ఏం డూఫియే, ఇవాళ నాకు చుక్కలు చూపించవా అంది. లేదని తలూపాను. ఒంట్లో బాగాలేదా అని జాలిపడింది. వెనక వరసలో కూర్చున్నాను.

బెడియాకో లేచాడు. మొదటి మాటే రాలేదు. ఫ్యాను తిరుగుతోంది. ఎవరో దగ్గారు. కిటికీ దగ్గరున్న కుర్రమూక కిసుక్కుమంటే జిఫా తండ్రి అటు ఒక చూపు చూశాడు, అంతే, చప్పుడు లేదు. నా నోట్లో మాటలు దొర్లుతున్నాయి. పెదవులు కదులుతున్నాయని తెలిసి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఎన్యోనాంకి మనసు ఆగలేదు పాపం, పనిలో ఉన్న మనిషి. మా తోటలో పువ్వు చూశావా నాయనా, అదేనా అని అందించింది. వాడు కాదని తలూపి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఆవిడ ఇంకోసారి అందించబోతే జిఫా తండ్రి చెయ్యెత్తాడు.

“మీ... మీ అమ్మాయిని అ... అడగడానికి వచ్చాను. ఆమె... ఆమె నా కోసం ఆ... ఆగుతుంది.”

ఎందుకడుగుతున్నావయ్యా అని వాళ్ళింకా అడగనే లేదు, ముందే చెప్పేశాడు. నేను రాసుకున్న సూదీ, ఆసుపత్రీ, అమ్మ సంగతీ దీని ముందు ఎందుకూ పనికిరావు. జిఫా లోపలి గది గుమ్మంలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. తండ్రి ముక్కు చీదుకున్నాడు. మామయ్య సీసాలు ముందుకు జరిపాడు.

తర్వాత వాళ్ళ పద్ధతి ప్రకారం తండ్రి అడిగాడు, నీతో వచ్చినవాళ్ళెవరో చెప్పు బాబూ అని. మామయ్యని చెప్పాడు. టుటుని చెప్పాడు. నా వైపు తిరిగాడు.

“ఈ... ఈమె...”

ఎక్కడికెళ్ళినా నన్ను నేనే చెప్పుకునేదాన్ని. వాడి నోట నేనెవరినో ఇంతవరకు వినలేదు. నా నోరు అంటాడనుకున్నాను. నా ఒచ్యామి అంటాడనుకున్నాను. ఇంకేం అనగలడు మరి? గది మొత్తం నన్నే చూస్తోంది. నేను వాడి పెదవులు చూస్తూ కూర్చున్నాను.

“మా... మా అక్క. న... నన్ను పె... పెంచింది.”

అందరూ నా వైపు తిరిగారు, ఏదో ఒకటి అంటానని. గొంతు బాగానే ఉంది. మాటే రాలేదు. ఎన్యోనాం కూడా అందించలేదు. వాళ్ళంతా అలాగే ఆగారు.